సయ్యద్ అబ్దుల్ రహీం: హంగేరీ ఆటను హైదరాబాద్ మైదానాలకు తెచ్చిన మాస్టారు

భారత ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రగణ్యుడైన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగస్టు 17 – 1963 జూన్ 11). హైదరాబాద్‌లో జన్మించిన రహీం తొలుత ఆటగాడు, పిమ్మట పాఠశాల ఉపాధ్యాయుడు, ఆ తర్వాత శిక్షకుడు. 1950 నుండి మరణించే వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దుతూనే భారత జాతీయ జట్టుకు కూడా మార్గదర్శకత్వం వహించారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణ పతకాలను గెలుచుకున్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. 1950వ దశకంలో యూరప్‌ను నివ్వెరపరచిన హంగేరీ ఆటతీరులోని కీలకమైన సూత్రాన్ని గ్రహించి, దానిని మన ఆటగాళ్ళ శరీర దారుఢ్యానికి, స్వభావానికి తగినట్లు మలచడం ఆయన సాధించిన ఘనకార్యం.

సోలాపూర్ పాఠకులకు ఈ చరిత్ర పరాయిది కాదు. ఇక్కడి సాఖర్ పేఠ, దాజీ పేఠ వంటి నేతవాడలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలలో అత్యధికం నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుండి మిల్లులను, మగ్గాలను నమ్ముకుని వచ్చినవే. రహీం జీవించిన కాలం, మన తాత ముత్తాతలు ఈ ఊరిలో కాళ్ళు నిలదొక్కుకున్న కాలం ఒకటే. అంతేగాక హైదరాబాద్ నుండి బొంబాయికి పోయే రైలుమార్గం వాడి కూడలి దాటి సోలాపూర్ మీదుగానే సాగుతుంది. హైదరాబాద్ పోలీసు జట్టు వరుసగా ఐదేండ్లు గెలిచి తెచ్చుకున్న రోవర్స్ కప్ పోటీలు జరిగినది ఆ మార్గపు చివరి మజిలీ అయిన బొంబాయిలోనే.

బాల్యం, విద్య, ఉపాధ్యాయ వృత్తి

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకున్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులోను, ఆనాటి నగర లీగ్‌లో మేటిగా పేరొందిన కమర్ క్లబ్బులోను ఆయన ఆటగాడిగా రాణించారు.

పట్టభద్రుడైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, చివరి రెండు పాఠశాలలలో క్రీడా విభాగపు బాధ్యతలను కూడా నిర్వహించారు. శిక్షకుడిగా ఎంత పేరు వచ్చినా ఆయనలోని ఉపాధ్యాయుడు కనుమరుగు కాలేదు. ఆటగాడి తప్పును ఎత్తిచూపి వదిలివేయక, ఆ తప్పు ఎక్కడ మొదలైనదో వివరించి, దానిని సరిదిద్దే అభ్యాసాన్ని రూపొందించడం ఆయన రీతి. ఆటగాళ్ళందరికీ ఆయన ‘రహీం సాబ్’.

1940వ దశకపు తొలి సంవత్సరాలలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన రహీం, నగరంలో ఆటను క్రింది స్థాయి నుండి కట్టుకుంటూ వచ్చారు. నిజాం రాజధానిలో ఫుట్‌బాల్ అప్పటికే జనాదరణ గల ఆట. కంటోన్మెంటు ప్రభావం వలన సికింద్రాబాద్‌లోను, పాఠశాలలు, పోలీసు శాఖ పోషణ వలన హైదరాబాద్‌లోను క్లబ్బులు వెలిశాయి. వాటిలోని బాలురను వయస్సు వారీగా పోటీలలో దింపి, అక్కడి నుండి మెరికలను ఏరుకునే పద్ధతిని రహీం స్థిరపరచారు.

సిటీ పోలీస్ జట్టు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆ ఏడాదే ఆ జట్టు డ్యురాండ్ కప్‌ను, రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు తనవద్దనే నిలుపుకున్నది. 1954, 1957 సంవత్సరాలలో డ్యురాండ్ కప్ మళ్ళీ హైదరాబాద్‌కే దక్కినది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే పేరుతో 1961లో మరొకసారి ఆ కప్‌ను గెలిచినది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు కైవసం చేసుకున్నది.

కలకత్తాలోని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులకు అభిమానుల అండ, ధనబలం దండిగా ఉన్న రోజులవి. వాటికి ఎదురు నిలిచిన హైదరాబాద్ జట్టులోని వారు పోలీసు కొలువు చేసుకుంటూ ఆడినవారు. జీతం చిన్నదైనా కొలువు నికరమైనది. జట్టు సభ్యులు ఏండ్ల తరబడి ఒకేచోట కలిసి అభ్యాసం చేయగలిగేవారు. బంతి తన వద్దకు రాకముందే తోటివాడు ఎక్కడ ఉంటాడో తెలిసినంతటి పొందిక వారికి అలా అబ్బినది. పొట్టి పాస్‌లతో, నేలబారుగా, వేగంగా సాగే రహీం ఆటకు ఆ పొందికే ప్రాణం.

స్వర్ణం, ఆ వెంటనే పరాభవం

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు ఇండోనేషియాను, అఫ్ఘానిస్థాన్‌ను ఓడించి ఫైనల్ చేరినది. శైలేన్ మన్నా నాయకత్వం వహించిన ఆ జట్టు ఫైనల్లో సాహూ మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణ పతకం గెలిచినది.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడిపోయినది. మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఎండిన గట్టి నేలపై వట్టి కాళ్ళతో బంతిని లాలించిన నేర్పు, చలిదేశపు తడి పచ్చికపై అక్కరకు రాలేదు. దీనికి తోడు మన దేశవాళీ పోటీలు 70 నిమిషాలే సాగేవి. అంతర్జాతీయ పోటీ 90 నిమిషాలు. ఆ చివరి ఇరవై నిమిషాలలో మనవారి ఊపిరి సరిపోయేది కాదు.

ఆ ఓటమి అనంతరం బూట్లు ధరించడం తప్పనిసరి అయినది. అయితే లోపం బూట్లలో మాత్రమే లేదని రహీం గ్రహించారు. మన జట్లు అప్పటికింకా ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు అనే పాత అమరికనే పట్టుకుని ఉన్నాయి. రక్షణలో మూడవ బ్యాక్‌ను నిలిపే పద్ధతి యూరప్‌లో ఎన్నడో వాడుకలోకి వచ్చినది. ఇదిలా ఉండగా, మనలను పది గోల్స్‌తో ఓడించిన అదే యుగోస్లావియాను అదే హెల్సింకీలో ఫైనల్లో 2–0తో ఓడించి స్వర్ణం పట్టుకుపోయిన జట్టు ఒకటి ఉన్నది. అది హంగేరీ. ఆ తర్వాతి దశాబ్దమంతా రహీం ఆలోచనలకు ఆ దేశపు ఆటే కొలమానమైనది.

హంగేరీ పద్ధతి: ఆటగాళ్ళే గురువులైన దేశం

మధ్య యూరప్‌లోని ఆ చిన్న దేశం ఫుట్‌బాల్‌కు అందించిన సంపదలో అత్యంత విలువైనది, ఆటగాళ్ళుగా మొదలై శిక్షకులైన వారి పరంపర. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బుడాపెస్ట్‌లోని ఎంటీకే క్లబ్బుకు జిమ్మీ హోగన్ అనే ఇంగ్లీషు శిక్షకుడు పొట్టి పాస్‌ల విద్య నేర్పారు. దానిని హంగేరీయులు తమ సొంతం చేసుకున్నారు. 1950వ దశకంలో జాతీయ జట్టును నడిపిన గుస్తావ్ సెబెష్ ఆటగాడిగా ఉన్న యవ్వనంలో పారిస్‌లోని రెనో కార్ల కర్మాగారంలో కార్మికుడు. ఎంటీకే క్లబ్బులో సెంటర్ ఫార్వర్డ్‌ను వెనుకకు దించే ప్రయోగాన్ని చేసినది మార్టన్ బుకోవి. ఆయనా ఆటగాడి నుండి శిక్షకుడైనవాడే.

ఆ ప్రయోగంలోని కిటుకు ఇది. ఆనాటి ఆటలో ప్రతి రక్షకునికి ఒక ప్రత్యర్థి కేటాయింపబడి ఉండేవాడు. తొమ్మిదవ నంబరు చొక్కా తొడిగిన సెంటర్ ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకుని ఉండడం సెంటర్ హాఫ్ పని. ఆ తొమ్మిదవ నంబరువాడు గోల్ ముందు నిలబడకుండా మైదానం మధ్యకు వెనుదిరిగిపోతే సెంటర్ హాఫ్ ఏమి చేయాలి? వెంట వెళితే గోల్ ముందు వాకిలి తెరచినట్లే. వెళ్ళకపోతే ఆ ఆటగాడు తీరికగా బంతి అందుకుని, తలెత్తి చూసి, కావలసినచోటికి పంపుతాడు. ఎటుచూసినా చిక్కే. తెరచుకున్న ఆ ఖాళీలోకి ఇరుప్రక్కల ఉన్న ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు దూసుకువస్తారు.

1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఈ పద్ధతి బలం లోకానికి తెలిసినది. వెనుకకు దిగి ఆడిన నాండోర్ హిడెగ్‌కుటి మూడు గోల్స్ చేయగా, ఫెరెన్స్ పుష్కాష్ నాయకత్వంలోని హంగేరీ 6–3తో గెలిచినది. బ్రిటిష్ దీవులకు వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంత గడ్డపై ఓడిపోవడం అదే ప్రథమం. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో తేడా 7–1కి పెరిగినది. 1954 ప్రపంచ కప్ ఫైనల్లో మాత్రం పశ్చిమ జర్మనీ చేతిలో హంగేరీ 3–2తో అనూహ్యంగా ఓడినది.

ఆ విద్య హంగేరీ సరిహద్దులలో ఆగలేదు. బుడాపెస్ట్‌లో 1899లో జన్మించి, ఎంటీకేలోను, వియన్నాలోని హకోవా క్లబ్బులోను ఆడిన బేలా గుట్‌మన్, యూదుల ఊచకోత నుండి ప్రాణాలతో బయటపడి శిక్షకునిగా దేశదేశాలు తిరిగారు. 1957లో బ్రెజిల్‌లోని సావో పౌలో జట్టుకు శిక్షణ ఇచ్చారు. నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, నలుగురు ఫార్వర్డ్‌లు అనే 4–2–4 అమరిక అక్కడ వేళ్ళూనుకొనుటలో ఆయన పాత్ర ఉన్నది. పోర్చుగల్‌లోని బెన్ఫికా క్లబ్బు 1961, 1962లలో వరుసగా యూరోపియన్ కప్ గెలిచినదీ ఆయన శిక్షణలోనే.

గుట్‌మన్ వంటివారు తమ విద్యను వెంటబెట్టుకుని పరదేశాలకు వెళ్ళారు. హైదరాబాద్‌కు మాత్రం హంగేరీ నుండి గురువెవరూ రాలేదు. నగరంలోని ఒక బడిపంతులు ఆ విద్యను దూరం నుండే పరిశీలించి అందిపుచ్చుకున్నారు. జాకార్డ్ మగ్గంపై పనిచేసే మన నేతరికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. డిజైన్ ఎక్కడి నుండి వచ్చినా, దానిని మన పడుగుకు, మన నూలు నంబరుకు సరిపడేలా తిరిగి గీసుకోకపోతే చాదర్ నిలువదు. రహీం చేసినది ఆ తిరగగీసే పని. మన ఆటగాళ్ళకు యూరప్ వారి ఎత్తు, బరువు లేవు. ఎత్తు బంతుల కోసం వారితో పోటీపడితే ఓటమి ఖాయం. కాబట్టి బంతిని నేలమీదనే ఉంచి, ఒక్క తాకుతో తోటివానికి అందించి, వింగ్‌ల వెంట వేగంగా సాగి, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనుకకు దించి ఎదుటి రక్షణను చెదరగొట్టడం ఆయన పద్ధతి అయినది.

మెల్‌బోర్న్, 1956

1956 ఒలింపిక్స్ తొలి రౌండులో భారత్ తలపడవలసినది హంగేరీతోనే. అయితే ఆ అక్టోబరులో బుడాపెస్ట్‌లో ప్రజా తిరుగుబాటు చెలరేగినది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు నగరంలోకి ప్రవేశించాయి. హంగేరీ క్రీడాకారులు ఇతర పోటీలకు మెల్‌బోర్న్ వెళ్ళినా, ఫుట్‌బాల్ జట్టు మాత్రం రాలేదు. భారత్ ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కు చేరినది.

డిసెంబరు 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాతో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో భారత్ 4–2తో గెలిచినది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారుడు ఆయనే. నాలుగవ గోల్ కృష్ణస్వామి చేశారు. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోల్ చేసినదీ డిసౌజాయే. ఆ తర్వాత ప్రత్యర్థులు పుంజుకుని 4–1తో గెలిచారు. కాంస్య పతకపు పోటీలో బల్గేరియా 3–0తో ఓడించడంతో భారత్‌కు నాలుగవ స్థానం దక్కినది. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. పది గోల్స్‌తో ఓడించిన యుగోస్లావియాపై నాలుగేండ్లకే ఆధిక్యం సంపాదించగలిగిన జట్టు అది.

సమర్ బెనర్జీ నాయకత్వం వహించిన ఆ జట్టులో హైదరాబాద్ వారి సంఖ్య గణనీయం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందులో ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో జన్మించినవారే.

రోమ్, 1960: హంగేరీతో ముఖాముఖి

నాలుగేండ్ల క్రితం జరగని పోటీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జరిగినది. హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో కూడిన బృందంలో భారత్‌కు చోటు లభించినది. ఆగస్టు 26న లాక్విలా పట్టణంలో జరిగిన పోటీలో హంగేరీ 2–1తో గెలిచినది. హంగేరీ గోల్స్‌లో ఒకటి ఫ్లోరియన్ ఆల్బర్ట్‌ది. తర్వాతి కాలంలో, 1967లో, యూరప్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనది ఆయనే. భారత్ పక్షాన గోల్ చేసినది సికింద్రాబాద్ ప్రాంతంలోని అమ్ముగూడలో పెరిగిన బలరాం.

ఈ ఓటమి విలువ తెలియాలంటే ఆ బృందంలోని మిగిలిన ఫలితాలను చూడాలి. అదే హంగేరీ పెరూను 6–2తోను, ఫ్రాన్స్‌ను 7–0తోను ఓడించి, చివరకు కాంస్య పతకం గెలుచుకున్నది. ఆ బృందంలో హంగేరీని ఒక్క గోల్ తేడాకు పరిమితం చేసినది భారత్ మాత్రమే. ఫ్రాన్స్‌తో పోటీలో పి.కె. బెనర్జీ గోల్‌తో ముందంజ వేసిన మనవారు చివరి నిమిషాలలో గోల్ ఇచ్చి 1–1తో సరిపెట్టుకున్నారు. పెరూ చేతిలో 3–1తో ఓడారు. రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మరి ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు.

శిక్షణ విధానం

ఫార్మేషన్ కాగితంపై గీసినంత మాత్రాన ఆట మారదు. దానిని ఆడగల ఆటగాళ్ళను బాల్యం నుండే తయారు చేయాలన్నది రహీం అభిప్రాయం. అందుకోసం హైదరాబాద్‌లో ఆయన నిర్వహించిన పోటీలు విలక్షణమైనవి.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందుకున్నవాడు దానిని అట్టే ఉంచుకోకుండా వెంటనే తోటివానికి అందించవలసిందే. మరొక పోటీలో వాటమైన కాలుతో బంతిని తన్నరాదు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. చూసేవారికి ఇవి వినోదంగా తోచినా, వీటి ఉద్దేశం లోతైనది. డ్రిబ్లింగ్ లేని ఆట బాలునికి తల ఎత్తి చూడడం నేర్పుతుంది. బంతి రాకముందే ఎక్కడికి పంపాలో నిర్ణయించుకునేలా చేస్తుంది. వాటం కాని కాలితో ఆడినవాడు పెద్దయ్యాక మైదానంలో ఏ ప్రక్కనుండైనా పాస్ ఇవ్వగలుగుతాడు. హంగేరీ పద్ధతికి కావలసిన రెండు మూలగుణాలూ ఇవే. ఖర్చులేని, సామగ్రి అక్కరలేని, ఏ బడి మైదానంలోనైనా సాధ్యమయ్యే మార్గంలో ఆయన వాటిని అలవరచారు.

ఎవరిని ఏ స్థానంలో ఆడించాలన్న విషయంలో ఆయన చూపు నిశితమైనది. ఒకే ఆటగాడు రెండు మూడు స్థానాలలో ఆడగలగాలని కోరేవారు. జట్టు ఎంపికలో ప్రాంతీయ ఒత్తిళ్ళు బలంగా ఉన్న రోజులలో, తాను నమ్మిన కుర్రవాళ్ళను వారి పేరు పెద్దది కాకముందే బరిలో దించేవారు.

జకార్తా, 1962

రహీం జీవితంలోని చివరి అధ్యాయం జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన శరీరాన్ని క్యాన్సర్ తొలిచివేస్తున్నది.

తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 2–0తో ఓడినది. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించి సెమీఫైనల్ చేరినది. ఈ లోపల రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణలో ఆడితే బంతిని పదేపదే తలతో ఎదుర్కొనక తప్పదు. రహీం అతనిని పక్కన పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. యవ్వనంలో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకు తెలుసు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో సాధించిన గెలుపులో చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ ఒక గోల్ చేశారు.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఆతిథ్య ప్రభుత్వం ప్రవేశం నిరాకరించగా, దానిని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ బహిరంగంగా ఆక్షేపించారు. దానితో జకార్తాలో మనపై ఆగ్రహం పెల్లుబికినది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగినది. దాదాపు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును అడుగడుగునా గేలి చేస్తూండగా ఆట మొదలైనది. మొదటి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్ గోల్ వద్ద నిలిచారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోల్ చేసినా భారత్ 2–1తో స్వర్ణం గెలుచుకున్నది. రక్షకుని ఫార్వర్డ్‌గా మార్చిన ఆ నిర్ణయమే రెండు పోటీలలోను ఫలించినది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఆయన అనంతరం

రహీం తీర్చిదిద్దిన ఆటగాళ్ళతో కూడిన జట్టు 1964లో ఆసియా కప్‌లో రెండవ స్థానం పొందినది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాద్ వాసి సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులోనే ఆడిన మహమ్మద్ హబీబ్ 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన హైదరాబాదీ. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా ఆ నగరం అందించినవారే. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడు, పిమ్మట అంతర్జాతీయ రిఫరీ, శిక్షకుడు. ఆయన 2021లో మరణించారు. రోమ్‌లో హంగేరీపై గోల్ చేసిన బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

అయితే ఈ పేర్లలో చాలామంది పేరు గడించినది కలకత్తాలో. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. మెరికలు వెళ్ళిపోవడం కొత్త కాదు. వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని నింపే వయస్సు వారీ పోటీలు, డ్రిబ్లింగ్ లేని ఆటలు, వాటం కాని కాలి ఆటలు రహీం ఉన్నంతకాలం సాగాయి. ఆయన తర్వాత వాటిని అదే పట్టుదలతో నడిపే వ్యవస్థ ఏర్పడలేదు. హంగేరీలో హోగన్ నేర్పిన విద్య ఎంటీకే అనే సంస్థలో నిలిచి, బుకోవికి, సెబెష్‌కు, గుట్‌మన్‌కు చేరినది. హైదరాబాద్‌లో ఆ విద్య ఎక్కువగా ఒక మనిషినే ఆశ్రయించుకుని ఉన్నది. విధి వైచిత్రి ఏమనగా, 1990వ దశకపు ఆరంభంలో భారత జట్టు శిక్షకునిగా హంగేరీ నుండే ఒకరు వచ్చారు. ఆయన యోజెఫ్ గెలెయ్, 1966 ప్రపంచ కప్‌లో ఆ దేశపు గోల్‌కీపర్. కానీ ఆనాటికి మైదానాలలో రహీం నాటిన నారు లేదు.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచినది. మూడేండ్లు గడిచేసరికి, 2025లో, ఆ జట్టు నగరాన్ని వీడి ఢిల్లీకి తరలిపోయినది. 2024 ఏప్రిల్‌లో రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం విడుదలైనది. అజయ్ దేవగణ్ రహీం పాత్ర ధరించారు. ఆయన పేరును నవతరం తొలిసారి విన్నది ఆ చిత్రం ద్వారానే అనడం అతిశయోక్తి కాదు.

1962 తర్వాత, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల వరకు, ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరొక స్వర్ణం రాలేదు. మన వాడలలో నేత నేర్చినవారికి ఇందులోని మర్మం తెలియనిది కాదు. పనితనం గల నేతరి ఎంత గొప్పవాడైనా, పక్కన కూర్చుండి పోగు అందుకునే పిల్లవాడు లేకపోతే ఆ పనితనం ఆయనతోనే ఆగిపోతుంది. రహీం పోటీలకు కావలసినవి ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, నియమం పాటింపజేసే ఒక పెద్ద. డ్రిబ్లింగ్ లేని ఆటను, వాటం కాని కాలి ఆటను ఏ బడిలోనైనా, ఏ వాడలోనైనా ఈనాడే మొదలుపెట్టవచ్చును.